కావ్యహంస – పులికాట్ రాజహంస

మన ప్రబంధాలలో సరోవర వర్ణన వచ్చినదంటే హంస వచ్చి తీరవలసినదే. శ్రీనాథుని శృంగార నైషధంలో నలదమయంతుల నడుమ రాయబారం నడిపినది హంస. పాలను, నీటిని వేరుచేయగల వివేకానికి ఉపమానం హంస. నడకకు హంస, తెల్లదనానికి హంస, దేహంలోని జీవునికి సైతం హంసయే పేరు. తెలుగు కావ్యానికి హంస ఎట్టిదో ఉర్దూ గజలుకు బుల్‌బుల్ అట్టిది. రెండు భాషలూ ఒకే ఆవరణలో బోధించే మన కళాశాలలో ఒక గదిలో హంస, ప్రక్క గదిలో బుల్‌బుల్ ప్రతి సంవత్సరమూ వినిపిస్తూనే ఉంటాయి.

ఒకనాడు తరగతిలో నైషధ ఘట్టం చెప్పుచుండగా వెనుక బల్ల నుండి ఒక విద్యార్థి లేచి, "సార్, మీరు హంసను చూచారా?" అని అడిగినాడు. తరగతి అంతా నవ్వినది. నేను నవ్వలేకపోయినాను. విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివిన రెండేండ్లలో ఎన్ని హంసలకు ప్రతిపదార్థం వ్రాసినానో లెక్క లేదు. కంటితో చూచినది ఒక్కటీ లేదు. ఆ ప్రశ్న అడిగినవాడు పులికాట్ సరస్సు ఒడ్డున ఒక జాలరి పల్లె నుండి వచ్చిన కుర్రవాడు. "మా ఊరి నీళ్ళలో సంక్రాంతి నాటికి ఎన్ని రాజహంసలుంటాయో వచ్చి చూడండి సార్" అని అతడే ఆహ్వానించినాడు. ఆ జనవరిలో కొందరు విద్యార్థులతో సూళ్ళూరుపేట వెళ్ళి వచ్చినాను. అక్కడ చూచినదానిని, అంతకంటె ముఖ్యంగా చూచుట ఎట్లో నేర్చుకొన్నదానిని, విద్యార్థుల ఉపయోగార్థం ఇక్కడ వ్రాస్తున్నాను.

సరస్సు స్వరూపం

పులికాట్ ఉప్పునీటి సరస్సులలో మన దేశంలో చిలకా తరువాత రెండవది. దీని పాత తెలుగు పేరు ప్రళయకావేరి. ఉత్తర దక్షిణాలుగా సుమారు 60 కిలోమీటర్ల పొడవున్నది. అధిక భాగం ఆంధ్రప్రదేశ్‌లోను, దక్షిణపు కొస తమిళనాడులోను ఉన్నవి. తూర్పున శ్రీహరికోట దీవి అడ్డుగోడ వలె నిలిచి సరస్సును బంగాళాఖాతం నుండి వేరుచేస్తున్నది. 1971 నుండి రాకెట్లు ఎగురుచున్న దీవి ఇదే. సరస్సు నడుమ ఇరకం, వేనాడు వంటి దీవి గ్రామాలున్నవి. వేనాడులోని దర్గాకు ముస్లిములూ హిందువులూ కలిసి వెళ్ళుట ఆ ప్రాంతపు ఆచారం.

ఇంత విశాలమైన సరస్సుకు సగటు లోతు ఒక మీటరు మాత్రమే. ఈ సంగతిని విద్యార్థులు జ్ఞాపకం ఉంచుకోవాలి. పక్షుల కథ అంతా దీనిమీదనే ఆధారపడి ఉన్నది. స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నదులు తీపినీటిని తెస్తాయి. తూపిలిపాలెం, రాయదొరువు, పులికాట్ అనే మూడు చోట్ల ముఖద్వారాలు ఉన్నవి. వీని గుండా పోటు సమయంలో సముద్రపు నీరు లోనికి వస్తుంది, పాటు సమయంలో సరస్సు నీరు వెలుపలికి పోతుంది. ఈశాన్య రుతుపవన వర్షాలు పడే అక్టోబరు నుండి డిసెంబరు వరకు సరస్సు నిండి నీరు దాదాపు తీపి అవుతుంది. జనవరి నుండి నీరు క్రమంగా తగ్గి, బురద నేలలు బయటపడి, ఉప్పదనం పెరుగుతుంది. మండువేసవిలో ఉత్తర భాగం ఎండి, నేలమీద ఉప్పు తెల్లగా పేరుకొంటుంది. అనగా ఒకే సరస్సు ఒకే సంవత్సరంలో చెరువుగాను, కడలిగాను, ఎడారిగాను మారుతున్నది. వానలకు, వేసవికి నడుమనున్న ఆ కొద్ది నెలలే పక్షుల కాలం.

ముక్కును చూస్తే మేత తెలియును

సూళ్ళూరుపేట నుండి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సు మధ్య నుండి సాగుతుంది. తెల్లవారుజామున ఆ రోడ్డు అంచున నిలిచినపుడు మొదట నాకు కనిపించినది ఒక గందరగోళం. తెల్లనివి, నల్లనివి, చిన్నవి, పెద్దవి అన్నీ కలిసి ఒకే గుంపుగా తోచినవి. అరగంట కదలక చూచిన తరువాత ఆ గందరగోళంలో ఒక క్రమం కనిపించసాగినది. ఏ పక్షి ఎంత లోతులో నిలుస్తుందో, ఏ విధంగా తింటుందో దాని కాళ్ళు, ముక్కు ముందే నిర్ణయించినవి.

నీటి అంచున తడి బురదమీద చిన్న ఉల్లంకి పిట్టలు పరుగెడుతూ పొట్టి ముక్కులతో పైపైన పొడుస్తాయి. వాని వెనుక చీలమండ లోతు నీటిలో కొంచెం పొడుగు కాళ్ళవి నిలిచి, పొడవైన ముక్కును బురదలో దింపి పురుగులను లాగుతాయి. మోకాటి లోతున తెడ్డుమూతి కొంగ తన చదునైన ముక్కును సగం తెరచి, కొడవలితో గడ్డి కోసినట్లు ఇటూ అటూ ఆడిస్తుంది. ఎర్రకాళ్ళ కొంగ ముక్కును తెరచి నీటిలో ఉంచి, కాలితో బురదను కదిలించి, చేప తగిలిన మరుక్షణం మూస్తుంది. నత్తగుల్ల కొంగ ముక్కు నడుమ ఒక సందున్నది. నత్తలను పట్టి ఒలుచుటకు ఆ ముక్కు పనికివస్తుంది. నారాయణ పక్షి మాత్రం ఎవరితోను పోటీ పడక, ఒంటరిగా కదలక నిలిచి, సమయం చూచి ఒక్క పోటు పొడుస్తుంది. లోతైన చోట నీటికాకి మునిగి చేపను తరుముతుంది. సముద్రపు కాకులు పైనుండి కనిపెట్టి ఉంటాయి.

ఒకే పళ్ళెంలో ఇందరు తింటున్నను ఎవరి ముద్ద వారిదే. ఒక అంగుళం కాలి పొడవు, ఒక అంగుళం ముక్కు పొడవు తేడాతో ఒకరి మేత వేరొకరిది కాకుండా పోయినది. అయితే ఇందులో ఒక చిక్కు కూడా ఉన్నది. నీరు ఒక అడుగు ఎక్కువైనను, ఒక అడుగు తక్కువైనను ఈ బంతి చెదరిపోతుంది. లోతు పెరిగితే పొట్టికాళ్ళవాటికి చోటు ఉండదు. నీరు ఇంకితే ఈదేవాటికి చోటు ఉండదు. పక్షిని పరిశీలించువాడు ముందుగా నీటిని పరిశీలించాలని నేను నేర్చిన మొదటి పాఠం ఇదే.

పేరులో దాగిన పరిశీలన

భాషా బోధకునిగా నన్ను మిక్కిలి ఆకర్షించినది ఈ పక్షుల పేర్లు. మా విద్యార్థి ఒక్కొక్క పిట్టనూ చూపి పేరు చెప్పుచుండగా, ఆ పేర్లలో ఏ ఒక్కటీ కేవలం అలంకారం కాదని గ్రహించినాను. తెడ్డుమూతి కొంగ అన్నవాడు దాని ముక్కును చూచినాడు. నత్తగుల్ల కొంగ అన్నవాడు దాని మేతను చూచినాడు. నీటికాకి అన్నవాడు దాని రంగును, మునకను రెంటినీ చూచినాడు. ఇవి పండితులు కల్పించిన పదాలు కావు. పడవ మీద, గట్టు మీద బ్రతికినవారు తరతరాలుగా చూచి పెట్టిన పేర్లు. కావ్యాలలో లేని ఈ నిఘంటువు జాలరుల నోట, యానాదుల నోట ఉన్నది.

అన్నిటికంటె మేలైన ఉదాహరణ గూడబాతు. ఇంగ్లీషులో దీనిని పెలికాన్ అంటారు. గూడ అనగా మన రైతులు పల్లపు నీటిని మిట్టకు తోడే బుట్ట. ఈ పక్షి క్రింది ముక్కుకు వ్రేలాడే సంచిని చూచి, అది నీటిని, చేపను కలిపి ఎత్తుట చూచి, రైతు తన పనిముట్టు పేరే దానికి పెట్టినాడు. ఉర్దూలో ఇదే పక్షి పేరు హవాసిల్. హౌసలా అన్న అరబ్బీ పదానికి మూలార్థం పక్షి మెడలోని ఆహారపు తిత్తి. తిత్తి ఎంత పట్టునో అంత శక్తి అన్న భావం నుండి, నేడు ఉర్దూలో ధైర్యం, ఉత్సాహం అనే అర్థంలో వాడే హౌసలా పుట్టినది. తెలుగు రైతు బుట్టను చూచిన చోటనే అరబ్బీ భాషీయుడు తిత్తిని చూచినాడు. ఒకరితో ఒకరికి పరిచయం లేని రెండు భాషలు ఒకే పక్షిని ఒకే విధంగా చూచుట కంటె భాషల చుట్టరికానికి వేరే నిదర్శనం కావలెనా?

గూడబాతు ఆ సంచిలో చేపలను దాచుకొని ఎగురుతుందని చాలమంది అనుకొంటారు. అది నిజం కాదు. సంచి వల వంటిది మాత్రమే. నీటిని వంచివేసి చేపను వెంటనే మింగుతుంది. గూటిలోని పిల్లలు తల్లి గొంతులో తల దూర్చి ఆహారం అందుకొంటాయి.

నేలపట్టు గూళ్ళు

పులికాట్‌కు ఉత్తరంగా దొరవారిసత్రం మండలంలో నేలపట్టు చెరువున్నది. పులికాట్ మేత భూమి అయితే నేలపట్టు పురిటిల్లు. నీటిలోనే నిలిచి పెరిగే కడప చెట్లమీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, తెల్ల కంకణాలు గూళ్ళు కట్టి పిల్లలను లేపుతాయి. తల్లిపక్షులు పులికాట్ వరకు ఎగిరిపోయి మేత తెస్తాయి. 1976లో ఈ రెండు తావులనూ ప్రభుత్వం పక్షుల అభయారణ్యాలుగా ప్రకటించినది. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పైరుకు బలమని అక్కడి రైతులు నమ్ముతారు. ఆ నమ్మకం సారవంతమైన నమ్మకమే. అభయారణ్యపు కంచె కంటె అది తక్కువ రక్షణ కాదు.

ఇక్కడ ఒక సాధారణమైన పొరపాటును సవరించుట అవసరం. శీతకాలంలో కనిపించే ప్రతి పెద్ద పక్షినీ మనవారు సైబీరియా పక్షి అంటారు. గూడబాతు, ఎర్రకాళ్ళ కొంగ మన దేశపు పక్షులే. నీటిని, మేతను అనుసరించి దేశంలోనే తిరుగుతాయి. నిజంగా దూరదేశాల నుండి వచ్చేవి సూదితోక బాతుల వంటివి, చిన్న ఉల్లంకి జాతులలో అనేకం. పెద్ద పక్షిని చూచి దూరం నుండి వచ్చినదనుకొంటున్నాము. పిడికిలిలో ఇమిడే పిట్ట పర్వతాలు దాటి వచ్చినదని తెలియకున్నాము.

రాజహంస దర్శనం

సూర్యుడు కొంత పైకి వచ్చిన తరువాత దూరాన నీటిమీద ఒక లేత గులాబి గీత కనిపించినది. మొదట దానిని ఎండ అనుకొన్నాను. ఆ గీత కదిలినది. అవే రాజహంసలు. నిలువెత్తు మనిషి గుండె వరకు వచ్చే ఎత్తు, బెత్తము వంటి కాళ్ళు, వంపు తిరిగిన ముక్కు. తలను తలక్రిందులుగా నీటిలో దించి అవి అడుగులు వేస్తున్నవి. ముక్కు లోపలి అంచులలో జల్లెడ వంటి పళ్ళుంటాయి. నాలుకను ముందుకు వెనుకకు ఆడించి బురదనీటిని లోనికి లాగి, వెలుపలికి నెట్టుతుంది. నీరు పోతుంది, సూక్ష్మమైన రొయ్య జాతి జీవులు, నాచు మిగులుతాయి. వాని ఈకల ఎరుపు కూడా ఆ మేతలోని రంగే. పిల్లలు పుట్టినపుడు బూడిద వన్నెలో ఉండి, మేత మరిగిన కొలది గులాబి వన్నె పొందుతాయి.

అమరకోశం తెల్లని దేహం, ఎర్రని ముక్కు, ఎర్రని కాళ్ళు గల హంసలను రాజహంసలన్నది. ఆ లక్షణాన్ని బట్టి ఈ పక్షికి ఆ పేరు తగినదే. కాని కావ్యహంస ఇదేనని తీర్పు చెప్పుట సాహసం. హంస శబ్దానికి జర్మను భాషలోని గాన్స్, ఇంగ్లీషులోని గూస్ జ్ఞాతి శబ్దాలు. కనుక మూలార్థంలో అది బాతు జాతికి చేరువైన పక్షి కావచ్చును. ఐనను ఒక్క మాట చెప్పక తప్పదు. క్షీరనీర న్యాయాన్ని కవిసమయమని తరగతిలో ఏండ్ల తరబడి చెప్పినాను. పాలనూ నీటినీ వేరుచేసే పక్షి ఎక్కడా లేదు, నిజమే. కాని బురదనూ మేతనూ వేరుచేసే పక్షి నా కండ్ల ముందు నిలిచి ఉన్నది. కవి అబద్ధం చెప్పినాడనుకొన్న చోట, నేను చూడలేదన్నదే నిజమైనది.

ఈ రాజహంసలు ఇక్కడికి ప్రధానంగా మేతకు వస్తాయి. వాని పెద్ద పురిటి నేల గుజరాత్‌లోని కచ్ రణ్. అక్కడ బురదతో చిన్న దిబ్బలు కట్టి, ఒక్కొక్క గుడ్డు పెడతాయి.

లెక్కించుట ఎట్లు?

మన దేశంలో పక్షి పరిశీలనకు బాట వేసినవారిలో ఇద్దరికి తెలుగునేలతో సంబంధమున్నది. మొదటివాడు జెర్డన్. ఈ ఆంగ్లేయ వైద్యుడు 19వ శతాబ్దిలో నెల్లూరులో పనిచేసినాడు. 1862-64 నడుమ వెలువడిన తన భారతదేశ పక్షుల గ్రంథంలో శాస్త్రనామాల ప్రక్కన తెలుగు పేర్లను కూడా నమోదు చేసినాడు. రెండవవాడు సలీం అలీ (1896–1987). బొంబాయిలో బాల్యంలో తాను తుపాకితో కొట్టిన ఒక పిచ్చుక మెడపై పసుపు మచ్చ చూచి, అది ఏ పిచ్చుక అని తెలుసుకొనుటకు బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ గడప ఎక్కినాడు. ఆ ఒక్క ప్రశ్న ఆయన జీవితమైనది. విశ్వవిద్యాలయ పట్టా లేని ఈయన 1931-32లో హైదరాబాదు సంస్థానంలో పక్షులను సర్వే చేసినాడు. 1941లో ఆయన వ్రాసిన భారతీయ పక్షుల గ్రంథం నేటికీ ప్రామాణికం. 1976లో పద్మవిభూషణ్ పొందినాడు. పట్టాలున్న మనం ఆయన వద్ద నేర్వవలసినది ఒక్కటే: చూచినది చూచినట్లు, చూచిన చోటనే వ్రాయుట.

విద్యార్థులు ఈ క్రింది నియమాలు పాటించవచ్చును. సూర్యుని వీపు వైపు ఉంచుకొని నిలవాలి. ఎదురెండలో అన్ని పక్షులూ నల్లనివే. దుస్తులు మట్టి రంగువి కావాలి. పుస్తకంలో తేదీ, వేళ, స్థలం, నీటి ఎత్తు, గాలి దిశ ముందు వ్రాసి, ఆ తరువాతనే పక్షి పేరు వ్రాయాలి. పేరు తెలియనపుడు ఊహించి వ్రాయరాదు. ముక్కు, కాళ్ళు, రంగు, నడక వ్రాసి బొమ్మ గీయాలి. పెద్ద గుంపును ఒక్కొక్కటిగా లెక్కింపలేము. పదింటిని లెక్కించి, ఆ పది ఆక్రమించిన చోటును కంటితో కొలిచి, అట్టి చోట్లు గుంపులో ఎన్ని ఉన్నవో చూడాలి. మా విద్యార్థులలో ముగ్గురు ఒకే గుంపును లెక్కించగా మూడు వేరు సంఖ్యలు వచ్చినవి. ముగ్గురూ మరల లెక్కించి దగ్గరకు వచ్చినారు. ఆ రోజు వారు నేర్చుకొన్నది పక్షుల సంఖ్య మాత్రమే కాదు, తమ కంటి పొరపాటు ఎంతో కూడా.

అన్నిటికంటె ముఖ్యమైన నియమం దూరం. మేస్తున్న పక్షులు తలలెత్తినవంటే మనం ఎక్కువ దగ్గరకు పోయినామని అర్థం. చేతిఫోనుతో ఫొటో తీయు ఆత్రంలో గుంపును లేపినవాడు పరిశీలకుడు కాడు, మేత దొంగ.

సరస్సు నోరు

సాయంకాలం మా విద్యార్థి తన ఇంటికి తీసుకొనిపోయినాడు. అతని తాత వల బాగుచేసుకొంటూ కూర్చున్నాడు. "ఈ యేడు పిట్టలు బాగా వచ్చినవా తాతా?" అని అడిగినాను. ఆయన వల నుండి తల ఎత్తకుండానే, "పిట్టనడిగితే ఏముంది అయ్యవారూ, నోరు తెరుచుకోనుందా లేదా అని అడగాల. సముద్రం నోరు మూసుకుంటే మా కడుపూ, పిట్ట కడుపూ ఒకటే" అన్నాడు.

ఆ మాటలో సరస్సు శాస్త్రమంతా ఉన్నది. తీరం వెంట సాగే ప్రవాహాలు ఇసుకను మోసుకొనివచ్చి ముఖద్వారాలను పూడ్చివేస్తాయి. రొయ్యలు సముద్రంలో గుడ్లు పెడతాయి. పిల్ల రొయ్యలు పోటుతో సరస్సులోనికి వచ్చి పెరుగుతాయి. దారి మూసుకొంటే అవి రావు. సముద్రపు నీరు రాదు. వేసవిలో సరస్సు త్వరగా ఎండి ఉప్పు ముదురుతుంది. చేప తగ్గుతుంది. అప్పుడు జాలరి వేరే ఊరికి కూలికి పోతాడు, పక్షి వేరే నీటికి పోతుంది. జాలరి పోయినాడని ఊరికి తెలుస్తుంది. పక్షి పోయినదని ఎవరికి తెలుస్తుంది? నిరుడు ఎన్ని వచ్చినవో వ్రాసి ఉంచినవానికి మాత్రమే తెలుస్తుంది.

1987 నుండి ఆసియా దేశాలలో ప్రతి జనవరిలోను స్వచ్ఛంద పరిశీలకులు నీటిపక్షుల గణన చేస్తున్నారు. అందులో పాల్గొనుటకు గొప్ప పరికరాలు అక్కరలేదు. ఒక దుర్భిణి, ఒక పుస్తకం, ఓపిక ఉంటే చాలును. పులికాట్ వరకు పోలేని విద్యార్థి తన ఊరి చెరువు గట్టున నిలిచి, మొదటి బాతు ఏ తేదీన దిగినదో వ్రాసినను అది సేవయే. ఐదేండ్లు వరుసగా వ్రాసిన పుస్తకం ఊరి చెరువుకు చరిత్ర అవుతుంది.

ముగింపు

హంస లేకపోయినను హంసను గూర్చిన పద్యం నిలుస్తుంది; భాషకు ఆ శక్తి ఉన్నది. అందుచేతనే భాషా బోధకులకు బాధ్యత ఎక్కువ. పదం మిగిలి పక్షి పోయినచో, రాబోవు తరాల విద్యార్థికి గూడబాతు అన్న పేరులోని గూడయూ తెలియదు, బాతూ తెలియదు. పొలంలో గూడ వేయుట ఇప్పటికే మరుగున పడినది. పక్షియైనా మిగలాలి.

తిరిగి వచ్చిన తరువాత నైషధ పాఠం ఆగిన చోటనే మరల ప్రారంభించినాను. ఈసారి ప్రశ్న అడిగిన విద్యార్థినే ముందుకు పిలిచి, హంస ఎట్లుంటుందో తరగతికి చెప్పమన్నాను. అతడు నల్లబల్లమీద మొదట నీటిని గీచి, ఆ తరువాత కాళ్ళు, ముక్కు గీచినాడు. ఆనాడు సరస్సు ఒడ్డున వ్రాసిన పట్టిక మా శాఖ బీరువాలో భద్రంగా ఉన్నది. అందులో ఒకే వరుస నిండి ఉన్నది. వచ్చే జనవరిలో రెండవ వరుస నింపుటకు రాదలచినవారు, తెలుగు విభాగమైనా ఉర్దూ విభాగమైనా, తమ పేర్లు ఇవ్వవలసినదిగా కోరుచున్నాను.